ఇప్పలగుంపు దారిలో బూటడుగులు

సీతయ్య నోరు మంచిది కాదని పినపాక సెంటర్లో ఎవరినడిగినా చెప్పేవాళ్లు. మణుగూరు జీపులు ఆగే చోట ఒక రేకు కింద, ఇనుప దిమ్మ ముందేసుకుని కూర్చునేవాడు. వచ్చినవాడి చెప్పును ముందు తిట్టేవాడు, తర్వాత కుట్టేవాడు. "ఇది చెప్పా, తిని పారేసిన ఇస్తరా?" అనేవాడు. చెప్పు తెగింది చెప్పుది తప్పు కాదని, నడిచినవాడిదేనని ఆయన వాదన. తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూనే పోయేవాళ్లు, ఎందుకంటే ఆయన వేసిన కుట్టు దగ్గర తోలు చిరగాలే గాని కుట్టు ఊడేది కాదు. నోటికీ చేతికీ పొంతన లేని మనిషి.

ఇరవయ్యో ఏట ఈ మనిషి హోంగార్డు కావాలని కొత్తగూడెం దాకా పోయాడు. ఎత్తు అంగుళం తక్కువన్నారు. ఆ అంగుళం ఆయన కడుపులో ముల్లులా ఉండిపోయింది. పిల్లలు లేరు. ఇంట్లో భార్య సుబ్బరత్నం ఉంది. ఆమె సత్తుపల్లి దిక్కు మనిషి. మాట మెత్తన, మనసు గట్టిది. ఆయన లోకాన్నంతా తిట్టి ఇంటికొస్తే, ఆయన్ని తిట్టగలిగింది ఆమె ఒక్కతే.

పెద్ద బడికి ఎన్‌సీసీ వచ్చిన ఏడాది ఊళ్లో ఒక కమిటీ లేచింది. దానికి పెద్ద బసవపున్నయ్య. ముప్పై ఏళ్ల కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొని, ఎరువుల దుకాణం పెట్టిన కుటుంబం. పిల్లలు కవాతు చేస్తే ఊరికి పరువని ఆయన నమ్మకం. చెడ్డ నమ్మకమేమీ కాదు. శనివారం శనివారం కేడెట్లకు ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు ఆయన దుకాణం నుంచే పోయేవి. టెంట్‌హౌసాయన పంద్రాగస్టుకు మైకు ఊరికే ఇచ్చేవాడు. చాకలివాళ్లు ఖాకీలు ఉతికి గంజి పెట్టేవాళ్లు. సీతయ్య వంతుకు బూట్లు వచ్చాయి. బెటాలియన్ నుంచి వచ్చే పాత బూట్లు పెద్దమనుషుల కొలతవి. పద్నాలుగేళ్ల పిల్లల కాళ్లు వాటిలో ఊగులాడేవి. వాటిని విప్పి, పైతోలు కత్తిరించి, మళ్లీ కుట్టి ముప్పై రెండు జతలు తయారుచేశాడు సీతయ్య. పైసా తీసుకోలేదు. "గీ పిల్లలు పోయి దేశాన్ని కాపాడుతరట. ముందు గీ బూట్లను కాపాడుమను" అని తిడుతూనే చేశాడు.

స్టేషనులో పన్నెండుమంది హోంగార్డులుండేవాళ్లు. కూలి లెక్కన పనిచేసే మనుషులు, బూట్లు సొంతంగా కొనుక్కోవాలి. వాళ్లను కూడా కమిటీ చేరదీసింది. బసవపున్నయ్య బెజవాడ పోయినప్పుడు బూట్ల అడుగు సోళ్లకు ఒక రబ్బరు చుట్ట తెచ్చి సీతయ్య ముందు పడేశాడు. దాని మీద అచ్చు ఉంది: మూడు అడ్డగీతలు, మడమ దగ్గర ఒక చంద్రవంక. పన్నెండుమంది బూట్లకూ అదే వేశాడు సీతయ్య.

మూడు నెలలు తిరగకముందే ఆ చంద్రవంక వాగు అవతల గూడేలన్నిటికీ తెలిసిపోయింది. పోలీసు పార్టీ అడవిలోకి పోతే ముందు నడిచేది హోంగార్డులే. తెల్లారి దారిలో ఆ అచ్చు కనిపిస్తే జనం కుండా చట్టీ సర్దుకుని అడవి లోపలికి జరిగేవాళ్లు. పోలీసులు వచ్చి, అన్నలకు అన్నమెవరు పెట్టారని అడిగేవాళ్లు. వాళ్లు పోగానే అన్నలు వచ్చి, పోలీసులను ఎవరు పిలిచారని అడిగేవాళ్లు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నడుమ ఉన్నవాళ్లు పొద్దున్నే లేచి ముందు దారి చూసుకునేవాళ్లు.

ఇదంతా సీతయ్యకు ఎవరూ చెప్పలేదు. అడుగుల మీద బతికేవాడికి ఒకరు చెప్పాలా? అందుకే కేడెట్ల బూట్లకు మాత్రం ఆ రబ్బరు వేయలేదు. పాత లారీ టైరు కోసి, నున్నగా చెక్కి వేశాడు.

ఆ కేడెట్లలో ప్రమీల ఒకతి. తొమ్మిదో తరగతి. వాగు అవతల ఏడు కిలోమీటర్ల దూరాన ఉన్న ఇప్పలగుంపు కోయల పిల్ల, బొజ్జయ్య కూతురు. వారమంతా హాస్టల్లో ఉండి, శనివారం కవాతు కాగానే ఇంటికి నడిచిపోయేది. సీతయ్య తిట్టడం మొదలుపెడితే మిగతా పిల్లలు తల వంచుకునేవాళ్లు. ఈ పిల్ల తిరిగి కోయ భాషలో ఏదో అనేది.

"ఏందే, తిడుతున్నవా?"

"లేదు తాతా. మా బాసల దండం పెడుతున్న."

"దండమంత పొడుగుంటదా?"

"నీ తిట్టు ఎంత పొడుగుంటే మా దండం అంత పొడుగుంటది."

ఆయన నవ్వు దాచుకోవడానికి నోట్లో మేకులు పెట్టుకునేవాడు. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం. సూటిగా చెప్పాలంటే అంతే.

రెండో ఏడు పది రోజుల క్యాంపుకు ఖమ్మం పోయినవాళ్లే 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష రాయాలి. అది చేతిలో ఉంటే రేపు కానిస్టేబుల్ సెలక్షనులో పనికొస్తుందని ఎన్‌సీసీ సారు చెప్పాడు. వాగు అవతలి నుంచి అప్పటిదాకా ఒక్క ఆడపిల్లా ఆ క్యాంపు ముఖం చూడలేదు. ప్రమీల పోతుందని అందరూ అనుకున్నారు. సీతయ్యయితే ఆ అంగుళం తక్కువైన తన కాళ్లే ఖమ్మం పోతున్నట్టు మురిశాడు.

2002 జూలై ఆఖరున వానలు దంచికొట్టాయి. బడి మైదానం జిగురుమట్టి. నున్నటి టైరు సోళ్లు జారసాగాయి. ఒక శనివారం కవాతు నడుమ ప్రమీల దబ్బున పడింది. వచ్చేవారం కూడా పడితే క్యాంపు జాబితాలో పేరుండదని సారు చెప్పేశాడు. ఆ పిల్ల బూట్లు చేతిలో పట్టుకుని వచ్చి సీతయ్య ముందు పెట్టింది. ఆ రోజు దండమూ లేదు, తిట్టూ లేదు. కళ్లనిండా నీళ్లు.

సీతయ్య చాలాసేపు ఆ బూట్లను అటూ ఇటూ తిప్పాడు. చుట్టలో ఇంకా రెండు జానల రబ్బరు మిగిలి ఉంది. వేయకూడదని ఆయనకు తెలుసు. వేశాడు. పైగా వచ్చే ఏడు కాలు పెరుగుతుంది కదా అని సోలును మగవాడి కొలతకే ఉంచి, ముందర దూది కుక్కాడు.

"ఇగో ప్రమీలా, ఇను. గీ బూట్లు బడి గడప దాటొద్దు. కవాతు కాంగనే ఇప్పి బీరువాల పెట్టాలె. వాగు దాటిందో, నీ తోలు తీసి సోలు వేస్త. తెలిసిందా?"

"అవ్ తాతా."

"ఏమన్న?"

"బడి గడప దాటొద్దు."

మరుసటి శనివారం సీతయ్య దుకాణం మూసి బడి గోడ దగ్గర నిలబడి చూశాడు. ప్రమీల జారలేదు. సారు జాబితాలో పేరు రాశాడు. ఆ సాయంత్రం సీతయ్య ఒక్కరినీ తిట్టలేదు, అడిగి తిట్టించుకోవాల్సి వచ్చింది జనానికి. క్యాంపు బస్సు గురువారం.

సోమవారం పొద్దుపోయే వేళకు లాలు వచ్చాడు. తండా మనిషి, పినపాక నుంచి వాగు ఒడ్డు దాకా జీపు నడిపేవాడు. ఎప్పుడూ అరుస్తూ మాట్లాడేవాడు ఆ రోజు దిమ్మ పక్కన గొంతుకూర్చుని మెల్లగా మాట్లాడాడు.

"సీతన్నా, ఇప్పలగుంపు ఆగమాగం అయింది. ఆదివారం పొద్దుగాల తొవ్వల చంద్రవంక అడుగులు పడ్డయట. వాగు కాడి నుంచి బొజ్జయ్య ఇంటి దాక పోయినయ్. తిరిగొచ్చిన అడుగుల్లేవ్. ఊరు ఊరంత అడవిల పడ్డది."

సీతయ్య చేతిలో తోలు గుచ్చే ఆరె ఆగిపోయింది.

"పిల్ల ఏమన్నది?"

"బూట్లు నావే అన్నదట. ఏవీ చూపియ్యిమంటే లెవ్వు. బొజ్జయ్య భయపడి వాగుల పారేసిండు. ఇగ ఎవడు నమ్ముతడు? బడిపిల్లకు పోలీసు బూటు ఎట్లొచ్చింది, ఎవడిచ్చిండు, ఎందుకిచ్చిండు అని అడుగుతున్నరు. రాత్రి అన్నలొచ్చి బొజ్జయ్యను లోపలికి తోలుకపోయిండ్రు." లాలు గొంతు ఇంకా తగ్గించాడు. "ఆ పిల్ల నీ పేరు చెప్పిందన్నా. సీతయ్య తాత ఏసిండు, ఆయన్నడుగుండ్రి అన్నది. బుధవారం పంచాయితి. నువ్వొచ్చి నేనే ఏసిన అంటె సరిపోతదట. ఊరి పటేలే చెప్పి పంపిండు."

లాలు కాసేపు చూసి వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున సీతయ్య ఎరువుల దుకాణానికి పోయాడు. బసవపున్నయ్య అంతా విన్నాడు. విని ముందు దుకాణం తలుపు దగ్గరికి వేశాడు.

"నువ్వు పోయి ఏం చెబుతావయ్యా? నేను సోలేశానంటావు. అదే సోలు హోంగార్డులకీ వేశావా అంటారు. వేశానంటావు. ఆ రబ్బరెక్కడిదీ అంటారు. అప్పుడు నా పేరు చెబుతావు. ఒక్క ఊరుతో పోతుందా ఇది?"

"పిల్ల నా పేరు చెప్పిందయ్యా."

"చిన్నపిల్ల, చెప్పింది. వాళ్లూ వాళ్లూ ఒకటే జాతి, ఏదో సర్దుకుంటారు. రెండ్రోజులు ఆగు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

సామెత బాగానే ఉంది. అడుసు ఎవరు తెచ్చి పోశారో మాత్రం ఆ దుకాణంలో ఇద్దరూ అడగలేదు. సీతయ్య కూడా అడగలేదు, ఎందుకంటే ఆగమన్న మాటే ఆయనకు కావాలి. ఊరందరినీ ఇస్తరాకులా చింపే నోరు, తన ప్రాణం మీదికి వచ్చేసరికి మూతపడింది.

సుబ్బరత్నం అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"వెళ్లవయ్యా. ఆ పిల్ల నమ్మి చెప్పింది నీ పేరు."

"పోతే నన్ను ఉంచుతరా?"

"ఏమో. నాకేం తెలుసు. నాకూ భయమే. అయినా వెళ్లు. నేనూ వస్తాను పద."

ఆయన కంచంలో చెయ్యి కడిగేశాడు.

బుధవారం పొద్దున మిగిలిన రబ్బరు ముక్క సంచిలో పెట్టుకుని బయలుదేరాడు. ఇది నిజం, చెప్పుకోవాలి. లాలు జీపులో ముందు సీట్లో కూర్చున్నాడు. భార్యను రావద్దన్నాడు. జీపు నిండేదాకా కదలదు. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. సంత సామాను, కోడిపిల్లల గంప, ఒక బాలింత. ఇంకొక్క మనిషి వస్తే కదులుతుందనగా సీతయ్య దిగాడు. కడుపులో నొప్పి అన్నాడు. లాలు స్టీరింగు మీద చేతులు పెట్టి ఆయన వంక చూశాడు.

"నేను చెప్పాల్నా అన్నా? సీతన్న ఏసిండు అని?"

"చెప్పు."

"నా మాట నడువదు. నువ్వుండాలె."

సీతయ్య రేకు కిందికి వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు రెండు జతలు కుట్టాడు. రెండూ వంకర పోయాయి.

గురువారం పొద్దున బడి ముందు బస్సు ఆగింది. బసవపున్నయ్య పూలదండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. సారు పేర్లు పిలుస్తున్నాడు. ప్రమీల పేరు రెండుసార్లు పిలిచి, కాగితం మీద గీత పెట్టి, కింది పేరు పిలిచాడు. బస్సు కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. సీతయ్యకు ఆ చప్పట్లు ఒంటి మీద పడినట్టయింది. జీపు కోసం కూడా ఆగలేదు, సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆయనకు తెలియక కాదు.

ఇప్పలగుంపు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇరవై ఇండ్లు. ఎవరూ ఆయన్ని ఆపలేదు, పలకరించనూ లేదు. పటేలు ముసలివాడు, చెట్టు మొద్దు మీద కూర్చుని అడ్డాకులు కుడుతున్నాడు. సీతయ్య సంచిలోంచి రబ్బరు ముక్క తీసి ఆయన ముందు పెట్టాడు.

"నేనే ఏసిన పటేలా. మైదానంల జారుతున్నదని ఏసిన. పోలీసోళ్లెవ్వరు ఇయ్యలే. పిల్లది తప్పు లేదు, బొజ్జయ్యది తప్పు లేదు. నాది."

పటేలు ఆ ముక్కను వేలితో తడిమాడు. మూడు గీతలు, చంద్రవంక.

"పెద్ద అడుగుండె," అన్నాడు మెల్లగా. ఆయన తెలుగు ఆగి ఆగి వస్తోంది. "పెద్ద అడుగు, మట్టిల దిగలే. మగోడి అడుగు, బరువు లేదు. నేనే సూసి చెప్పిన. ఎవడో నక్కి నక్కి నడిచిండు అన్న. దొంగతీర్గ వచ్చిండు అన్న. డెబ్బై ఏండ్లసంది అడుగులు సూస్తున్న. పిల్ల అడుగని తెల్వలే."

"నేను సోలు పెద్దగ ఉంచిన. పెరుగుతదని."

"అవ్," అన్నాడు పటేలు. కోపమేమీ లేదు ఆ మాటలో. "నిన్న పొద్దుగూకేదాక కూసున్నం. పిల్ల వాగు దిక్కు సూసుకుంట కూసున్నది. తాతొస్తడు, తాతొస్తడు అన్నది."

"బొజ్జయ్య ఏడి?"

"అన్నలు నిన్న తెచ్చి ఇడిచిండ్రు. కుడిచెయ్యి లేస్తలేదు. ఊళ్ల ఉండొద్దని ఊరే అన్నది. మేం ఉంచితే మా మీదికొస్తది. రాత్రే పోయిండ్రు."

"ఇప్పుడు నేను చెప్తున్న గద. మళ్ల పిలువుండ్రి."

"యాడికని పిలుస్తం? పిలిస్తే అడవి లోపలోళ్లకు ఎవరు చెప్తరు? నువ్వు చెప్తవా?"

పటేలు కాసేపు చూసి, రబ్బరు ముక్క సీతయ్య చేతికిచ్చి మళ్లీ ఆకు అందుకున్నాడు. బొజ్జయ్య ఇంటి తడక తీసి గోడకు ఆనించి ఉంది. లోపల పొయ్యిరాళ్లు తప్ప ఏమీ లేవు. అక్కడే కూలబడి ఏడ్చాడు సీతయ్య. చూసినవాళ్లు చూశారు, ఎవరూ దగ్గరికి రాలేదు.

తర్వాత ఆయన కేడెట్ల బూట్లు ముట్టలేదు. చూపు ఆనడం లేదన్నాడు. హోంగార్డులవీ ముట్టలేదు. కమిటీ ఇంకొకరిని చూసుకుంది, గుడ్లు అరటిపండ్లు మునుపటిలాగే పోయాయి. ప్లాస్టిక్ చెప్పులు వచ్చి ఆయన బేరమూ తగ్గింది. నోరు మాత్రం తగ్గలేదు, కాకపోతే ఇప్పుడందులో సరదా లేదు. మనిషి తన తప్పును ఎంతకాలమని ఒంటరిగా మోస్తాడు? కొంత ఆ పిల్ల నెత్తిన పెట్టాడు. బడి గడప దాటొద్దని చెప్పానా లేదా? నోటితో తిరిగి చెప్పించానా లేదా? సోకు కాకపోతే ఊళ్లోకి బూట్లేసుకుని పోవాలా? మెచ్చుకుంటారనుకుందా? సుబ్బరత్నం వినీ వినీ ఒకరోజు, "నన్నెందుకడుగుతావు, కనబడితే ఆ పిల్లనే అడుగు" అంది. బొజ్జయ్య కుటుంబం జూలూరుపాడు దిక్కు పత్తి ఏరబోయిందని మాత్రం విన్నారు.

నాలుగేళ్లకు కనబడింది. సీతయ్య అప్పటికి సంత సంతకూ తిరుగుతున్నాడు. జూలూరుపాడు సంతలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంటే, పత్తికూలీల ట్రాలీ దిగి ఆడవాళ్లు ఉప్పూ మిరపకాయలూ కొంటున్నారు. అందులో ఒకతి ఆగి చూసింది. పద్దెనిమిదేళ్లుంటాయి. చేతుల నిండా పత్తికాయ గీతలు.

"తాతా, బాగున్నవా?"

ఆమె ఎదురుగా గొంతుకూర్చుంది. నాయిన పోయిన ఏడు చచ్చిపోయాడని చెప్పింది. చెయ్యి మళ్లీ లేవలేదట. తల్లీ తనూ కూలికి పోతున్నారు. చదువు ఊసు ఎత్తలేదు. పంచాయితి ఊసు ఎత్తలేదు. ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలో నాలుగేళ్లుగా అల్లుకున్నాడు సీతయ్య. ఆమె అడగలేదు. చివరికి ఆయనే ఉండబట్టలేక తన ప్రశ్న అడిగాడు.

"బిడ్డా, నేను అంత చెప్పినంక గూడ ఆ దినం బూట్లెందుకు ఏసుకపోయినవ్?"

ఆమె ఆయన వంక వింతగా చూసింది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"అరికాల్ల ఈతముల్లు ఇరిగి చీము పట్టింది తాతా. బూటు బిగ్గట్ట కట్టుకుంటెనే కవాతు చేసిన. వాగు కాడ ఇప్పుదామనుకున్న. ఇప్పితే అడుగు పడలే."

"మరి నీ చెప్పులు?"

"ఏ చెప్పులు?"

సీతయ్య ఆమె కాళ్ల వంక చూశాడు.

"నాకెన్నడున్నయ్ తాతా చెప్పులు? ఉత్తకాళ్లతోనే కద వచ్చేది నీ తానకి," అంది ప్రమీల.

అవును. రెండేళ్లు, వారం వారం, బూట్లు చేతిలో పట్టుకుని ఉత్తకాళ్లతో ఆయన ముందే నిలబడింది. ఆ పాదాలు ఆయన దిమ్మకు జానెడు దూరంలో ఉండేవి. ఆయన బూట్లనే చూశాడు. సీతయ్య గోనెపట్టా మీద అట్టముక్క పరిచాడు.

"కాలు పెట్టు బిడ్డా. కొలత తీసుకుంట."

"ఇప్పుడెందుకు తాతా," అంటూ లేచింది ప్రమీల. ట్రాలీవాడు హారను కొడుతున్నాడు. సంతలో కొన్న ప్లాస్టిక్ చెప్పులు వేసుకున్న ఆ కాళ్లు బురదలో అడుగులు వేసుకుంటూ ట్రాలీ దాకా పోయి, పైకెక్కాయి.